అయిదో ముగ్గు

మాఘమాసం మొదలైన రెండో రోజు, మంగళవారం సాయంత్రం, శ్రీమన్నారాయణ మాస్టారింట్లో ఆయన భార్య సుశీల లాప్‌టాప్ పనిచేయడం మానేసింది. శివరాత్రికి ఇంకా ఇరవయ్యారు రోజులుంది.

మూత తెరుచుకుంది. చార్జర్ పెడితే పక్కన చిన్న దీపం వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరసలు వచ్చాయి, ఆగాయి, మాయమయ్యాయి, మళ్ళీ మొదటినుంచి వచ్చాయి. మాస్టారు ముప్పయ్యేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్న మనిషి. ఒకే తప్పు ఒకే పిల్లవాడు పదిసార్లు చేయడం ఆయనకు కొత్త కాదు. కానీ పిల్లవాడినైతే నిలబెట్టి, ఎక్కడ తప్పావో చెప్పరా అని అడగవచ్చు. దీన్ని అడిగే దారి లేదు.

"ఏంది మాస్టారూ, కరెంటు లేదా?" అన్నాడు జిలానీ గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

"కరెంటు ఉంది. ఇదే లేదు."

జిలానీకి నరసరావుపేటలో లైటింగ్ షాపుంది. కోటప్పకొండకు ప్రభలు కట్టే ఊళ్ళలో పదింటికి దీపాల పని అతనిదే. ఈ ఊరి ప్రభ, శివరాత్రికి బండి మీద కొండకు తీసుకెళ్ళే కర్రల గోపురం, తొంభై అడుగులు. దాని ముఖాన పెద్ద బల్బుల బోర్డు ఉంటుంది. అడ్డం అరవై నాలుగు బల్బులు, నిలువు తొంభై ఆరు. ఏ బల్బు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ముందే కంప్యూటర్లో గీసిపెట్టుకుని, ఆ బొమ్మను ఒక కార్డులోకి ఎక్కించి, బోర్డు వెనక పెట్టెలో గుచ్చుతారు. అక్కడినుంచి కొండ కింద నిలబడ్డవాళ్ళందరూ తలెత్తి చూడాల్సిందే.

మూడేళ్ళ కిందట ఆ బోర్డు మీద నెమలి ఆడుతుంటే, కింద నిలబడి సుశీల అందరూ వినేట్టు, "నెమలేందయ్యా అది, బాతు ఈకలు విదిలించినట్టుంది" అంది. జిలానీకి రోషం వచ్చింది. "అయితే నువ్వే గియ్యక్కా చూద్దాం" అన్నాడు. మరుసటి నెలలో తన పాత లాప్‌టాప్ ఒకటి, ఆ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తెర మీద వరసలుగా చుక్కలు. చుక్కలు చూసేసరికి సుశీలకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వాకిట్లో పెట్టేదాన్నే తెర మీద పెట్టింది. ఆ తర్వాత రెండేళ్ళూ ఈ ఊరి ప్రభ మీద ఆడినవి సుశీల ముగ్గులే.

ఈ ఏడాదికి అయిదు గీస్తానని మాట ఇచ్చింది. వినాయక చవితి వెళ్ళగానే మొదలుపెట్టింది. గీస్తున్నప్పుడు మాస్టారు అటుగా వెళితే తెర కిందికి వంచేది. "పూర్తయ్యాక చూద్దురుగాని" అనేది. దసరా ముందు జ్వరం వచ్చింది. గుంటూరు ఆస్పత్రిలో పదకొండు రోజులుంది. ఆ తర్వాత లేదు.

జిలానీ కార్తీకంలో ఒకసారి వచ్చి ఆ బొమ్మలు అడిగాడు. మార్గశిరంలో మరోసారి వచ్చాడు. రెండుసార్లూ మాస్టారు "రేపు తీసిస్తాను" అన్నారు. లాప్‌టాప్ బల్ల మీదే ఉంది. మూత మీద గంధం బొట్టు ఎండిపోయి, మధ్యలో కుంకుమ రంగు మారి ఉంది. ఆయన దాన్ని తుడవలేదు, మూతా తీయలేదు. తీసింది ఇవాళే.

"ప్రభ కమిటీవాళ్ళు నా ప్రాణం తోడతన్నారు మాస్టారూ" అన్నాడు జిలానీ కుర్చీ లాక్కుంటూ. "రెడీమేడ్ బొమ్మలు ఉంటయ్ గదా, అయ్యేసెయ్ అంటన్నారు. డాన్సాడే బొమ్మలు, గుర్రాలు... నేను ఆపతన్నా. ఫిబ్రవరి ఒకటో తారీఖు దాకా ఆగుతా. ఆ తర్వాత నా చేతిలో లేదు."

"ఆ లోపల ఇస్తాను."

"ఎట్టా ఇస్తారు? ఇదేమో బూడిద గుమ్మడికాయలాగా కూచుంది."

మాస్టారు మూత మెల్లిగా దించారు.

గురువారం బడి అయ్యాక లాప్‌టాప్‌ను చేతిసంచిలో పెట్టుకుని నరసరావుపేట వెళ్ళారు. రిపేరు షాపులో ఉన్న మనిషి దాన్ని రెండు నిమిషాలు కూడా చూడలేదు. "విండోస్ పోయింది సార్. ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు.

"కొడితే లోపలున్నవి?"

"పోతయ్."

"పోకుండా?"

"ఏవన్నా ముఖ్యమైనయ్యా సార్? ఫొటోలా?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "ముగ్గులు" అన్నారు. ఆ మనిషి ఆయన ముఖం వంక చూసి, పక్కనున్నవాడి వంక చూసి, నవ్వు ఆపుకున్నాడు. మాస్టారు లాప్‌టాప్‌ను మళ్ళీ సంచిలో పెట్టుకుని బస్సెక్కారు.

బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే దీపికకు మర్నాడు ఈ సంగతి చెప్పారు. దీపికది గురజాల దగ్గర ఊరు. మాట సూటిగా ఉంటుంది, ఓపిక ఎక్కువ.

"దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వకండి సార్" అంది. "తలుపు లోపలినుంచి గడియ పడింది, అంతే. ఇల్లేం కూలిపోలేదు. మనం దొడ్డివైపునుంచి వెళ్దాం."

"దొడ్డివైపు ఏముంది?"

"లినక్స్ సార్. అది కూడా విండోస్ లాంటిదే, ఊరికే వస్తది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పెన్‌డ్రైవ్‌నుంచే లాప్‌టాప్‌ను నడిపించవచ్చు. లోపలున్న దేన్నీ ముట్టుకోదు. ముందు మీ ఫైళ్ళు బయటికి తీసుకుందాం. అన్నీ తీసుకున్నాక, లినక్స్‌ను లాప్‌టాప్‌లోనే పూర్తిగా ఎక్కిద్దాం. పెన్‌డ్రైవ్ ఉందా?"

మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చారు. దీపిక దాన్ని బడి కంప్యూటర్‌కు గుచ్చి, ఏవో నొక్కి, పావుగంట తర్వాత తీసి ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఇందులో ముందు ఏవన్నా ఉన్నయ్యా సార్?"

"పదో తరగతి ప్రీ ఫైనల్ పేపర్లు. మూడు సెట్లు."

దీపిక నాలుక కరుచుకుంది. "ఇట్టా చేస్తే పెన్‌డ్రైవ్ మొత్తం తుడుచుకుపోద్ది సార్. ముందే అడగాల్సింది."

"నేనూ ముందే చెప్పాల్సింది" అన్నారు మాస్టారు. ఒక రాత్రి కూర్చుని టైపు చేసిన త్రికోణమితి. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇంటికి వెళ్ళి చేయాల్సిన పనులన్నీ దీపిక చెబుతుంటే, మాస్టారు రూళ్ళ నోటుబుక్కులో అంకెలు వేసుకుని రాసుకున్నారు. ఒకటి, లాప్‌టాప్ పూర్తిగా ఆపాలి. రెండు, పెన్‌డ్రైవ్ గుచ్చాలి. మూడు, మీట నొక్కిన వెంటనే ఎఫ్ పన్నెండు టకటకా నొక్కుతూ ఉండాలి. నాలుగు, జాబితా వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకోవాలి. "ఇంతేనా?" అన్నారు. "ఇంతే సార్, పది నిమిషాల పని" అంది దీపిక.

శనివారం సాయంత్రం జాబితా వచ్చింది. అందులో పెన్‌డ్రైవ్ పేరు లేదు.

ఇంకోసారి చేశారు. లేదు. పెన్‌డ్రైవ్‌ను తిప్పి గుచ్చబోతే అది పట్టలేదు కనుక సరిగ్గానే గుచ్చినట్టు. మూడోసారి, నాలుగోసారి. ఎఫ్ పన్నెండు మీద వేలు నొప్పి పుట్టింది. దీపికకు ఫోను చేశారు.

"సెక్యూర్ బూట్ అని ఒకటి ఉంటది సార్, బయటివాటిని రానివ్వని కాపలాలాగా. ఎఫ్ రెండు నొక్కి లోపలికి వెళ్ళి దాన్ని ఆపేయండి."

ఆదివారమంతా ఆయన ఆ నీలం తెర ముందు కూర్చున్నారు. అందులో బాణం గుర్తులతో కిందికీ పైకీ తిరగాలి, వేలితో తాకితే కదలదు. ఒక తప్పు గదిలోకి వెళితే బయటికి రావడానికి ఏది నొక్కాలో తెలియలేదు. సెక్యూర్ బూట్ దొరికింది, ఆపారు. పెన్‌డ్రైవ్ రాలేదు. సోమవారం దీపిక పెన్‌డ్రైవ్‌ను బడి కంప్యూటర్లో పెట్టి చూసింది. అక్కడ లినక్స్ నిమిషంలో లేచి కూర్చుంది. "పెన్‌డ్రైవ్ శుభ్రంగా ఉంది సార్" అంది. ఆ సాయంత్రం ఇంట్లో అది మళ్ళీ లేదు.

"బడిలో వస్తుంది, ఇంట్లో రాదు" అన్నారు మాస్టారు ఫోనులో. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులు తమ పిల్లల గురించి అనే మాటే ఇది, తిరగేసి.

మంగళవారం ఇంకో పెన్‌డ్రైవ్. బుధవారం, లాప్‌టాప్ దేన్ని ముందు వెతకాలి, దేన్ని వెనక వెతకాలి అన్న వరస మార్చి చూశారు. నోటుబుక్కులో అంకె పదిహేడుకు వచ్చింది. ప్రతి అంకె పక్కన ఎర్రసిరాతో అడ్డగీత. ఆ అడ్డగీతల వరసను చూస్తే ఆయనకే పరీక్షలో తప్పినట్టుంది.

రోజూ ఆరున్నరకు జిలానీ ఫోను.

"వచ్చిందా?"

"రాలేదు."

"నేను ఒకటి చెప్పనా మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. దాన్ని ఓసారి గట్టిగా చరచండి. మా షాపులో సగం పెట్టెలు చరిస్తేనే ఎలుగుతయ్."

"చరచను."

"పోనీ మెల్లిగా."

"జిలానీ, పెట్టెయ్ ఫోను."

గురువారం సాయంత్రం ఆయన లాప్‌టాప్‌ను నిజంగానే తిట్టారు. "పదిసార్లు చెప్పాను నీకు. చెవులు పనిచేస్తున్నాయా?" అని పైకే అన్నారు, క్లాసులో అన్నట్టు. అన్నాక వంటింట్లోంచి ఎవరో "ఎవర్నండీ తిడతన్నారు?" అని అడుగుతారని ఒక్క క్షణం ఆగారు. ఎవరూ అడగలేదు. లేచి వెళ్ళి పొయ్యి మీద అన్నం చూసుకుని వచ్చారు. అడుగంటింది.

శుక్రవారం ప్రభ కమిటీలో ఒకాయన బజారులో ఎదురై, "మాస్టారూ, మీరు బాధపడమాకండి, ఈసారికి గుర్రాలేసేత్తాం" అన్నాడు, ఎంతో దయగా. మాస్టారికి ఆ దయ భరించడం కష్టమైంది. "ఆదివారం దాకా టైముంది కదా" అని మాత్రం అన్నారు.

ఆదివారం ఒకటో తారీఖు. దీపిక చర్చిలో ప్రార్థన అయ్యాక, తెల్ల చీరలోనే, బస్సు దిగి నేరుగా వచ్చింది. జిలానీ తన లాప్‌టాప్, ఒక పెద్ద హార్డ్‌డిస్కు, పనిముట్ల సంచీ తీసుకుని బండి మీద వచ్చాడు. "ఇయాళ తేలాల. తేలకపోతే సాయంత్రం గుర్రాల కార్డు ఎక్కిచ్చేస్తా" అన్నాడు కూర్చోకముందే.

దీపిక పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఎఫ్ పన్నెండు. జాబితా. పేరు లేదు. తీసింది, మళ్ళీ గుచ్చింది. "సార్, దీనికి చిన్న లైటు ఉంది, గుచ్చగానే వెలగాలి. మీ దగ్గర ఎప్పుడన్నా వెలిగిందా?"

"దానికి లైటు ఉందని నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదా?" అంది దీపిక. తర్వాత ఫోను లైటు వేసి, లాప్‌టాప్‌ను పైకెత్తి, ఆ గుచ్చే రంధ్రంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "ఇందులో ఏదో ఉంది సార్. పసుపుపచ్చగా గడ్డ కట్టి ఉంది."

జడలోంచి పిన్ను తీసి మెల్లిగా గీకింది. చిటికెడు పొడి బల్ల మీద రాలింది. వేలికి అద్దుకుని వాసన చూసింది.

"గంధం సార్."

జిలానీ లాప్‌టాప్‌ను ఆమె చేతిలోంచి తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎడమవైపు రెండు రంధ్రాలు, కుడివైపు ఒకటి. మూడింటి నోళ్ళకూ గుండ్రంగా బొట్లు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దిన మరకలు. గంధం నీళ్ళు లోపలికి జారి ఎండిపోయాయి.

"మాస్టారూ" అన్నాడు జిలానీ నవ్వు పొర్లుకొస్తుంటే, "ఇది లాప్‌టాపా, గడపా? సందు వదలకుండా పెట్టారే! ఎవరన్నా..." మాస్టారి ముఖం చూసి అక్కడే ఆపాడు.

మాస్టారు నెమ్మదిగా చెప్పారు. "ఆయుధపూజ రోజు. నేను బట్టలకోసం ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చాను. వచ్చేటప్పుడు చెప్పింది. కుట్టు మిషనుకూ, బండికీ, లాప్‌టాప్‌కూ బొట్టు పెట్టడం మర్చిపోకండి, ఈసారి నేను లేనని వదిలేయకండి అని. నేనెప్పుడూ పెట్టలేదు. పెడితే సరిగ్గా పెట్టాలి కదా అని..."

జిలానీ లాప్‌టాప్‌ను బల్ల మీద దించాడు.

"అక్క మామూలుగా ఎట్టా పెట్టేది?" అన్నాడు జిలానీ.

"చూడలేదు."

"మా షాపులో పనోళ్ళు మూత మీద ఒకటే పెడతారు" అన్నాడు జిలానీ, తప్పు పట్టినట్టు కాకుండా, ఊరికే చెబుతున్నట్టు.

"విండోస్ పోయింది దీనివల్ల కాదు సార్" అంది దీపిక త్వరగా. "ఎప్పుడో పని మధ్యలో చార్జింగ్ అయిపోయి ఆగిపోయి ఉంటది. మేడమ్ ఆస్పత్రికి వెళ్ళిన రోజు ఇది తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది. నేను వచ్చి చూసేసరికి తెర నల్లగా ఉంది. మూత వేసి బొట్టు పెట్టాను."

"అదే అయ్యుంటది."

"అంటే నేను కార్తీకంలోనే తెరిచి ఉన్నా ఇంతేనా?"

దీపిక రాలిన గంధం పొడిని బల్ల అంచుకు తోసింది. "చెప్పలేం సార్" అంది. ఆమె అబద్ధం చెప్పనందుకు మాస్టారికి గౌరవం కలిగింది. తేలికైతే కలగలేదు.

జిలానీ సంచిలోంచి సన్నటి బ్రష్షూ, స్పిరిట్ సీసా తీశాడు. వానలో తడిసిన బల్బుల బోర్డులు శుభ్రం చేసే సరంజామా అది. నేల మీద బాసింపట్టు వేసుకుని, లాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని, అరగంట పాటు ఆ మూడు రంధ్రాలనూ కడిగాడు. జిలానీ అంతసేపు మాట్లాడకుండా ఉండడం మాస్టారు ఎన్నడూ చూడలేదు. మూత మీద బొట్టు దగ్గరికి బ్రష్షు వెళ్ళినప్పుడు మాత్రం తలెత్తాడు. "ఇది?"

"అది ఉండనీ."

ఆరనిచ్చి, దీపిక పెన్‌డ్రైవ్ గుచ్చింది. చిన్న లైటు వెలిగింది.

జాబితాలో పేరు వచ్చింది. ఎంటర్ నొక్కితే తెర నల్లబడింది, మళ్ళీ నాలుగు వరసల అక్షరాలు వచ్చాయి. అవి ఆగలేదు. నాలుగు వందల వరసలై తెర మీదినుంచి పరుగెత్తాయి. తర్వాత ఊదారంగు తెర, మూలన గడియారం. గడియారం అయిదున్నర గంటలు వెనక ఉంది, కానీ నడుస్తోంది.

"వచ్చాం సార్, దొడ్లోకి" అంది దీపిక.

లోపల సుశీల పేరుతో ఒక ఫోల్డరుంది. అందులో ఫొటోలు, పచ్చళ్ళ కొలతలు, ఎవరి పెళ్ళికో తీసిన వీడియోలు, 'ప్రభ' అని ఒకటి. ప్రభలో అయిదు ఫోల్డర్లు. త్రిశూలం, డమరుకం, నంది, మారేడు, కొత్తది. ఒక్కొక్కదానికీ ముందు అంకె వేసి ఉంది. అంకెలు వేయడం మాత్రం ఆమె తన దగ్గర నేర్చుకుందేమోనని మాస్టారికి అనిపించింది.

దీపిక అన్నిటినీ జిలానీ హార్డ్‌డిస్కులోకి తోడింది. ముప్పావుగంట పట్టింది. మాస్టారు ఇక్కడ ఎన్ని ఫైళ్ళున్నాయో, అక్కడ ఎన్ని చేరాయో చూసి నోటుబుక్కులో రాసుకున్నారు. పన్నెండు వందల పద్నాలుగు. మళ్ళీ చూశారు. మూడోసారి కూడా చూశారు.

"సరిపోయినయ్యా? గుమస్తా పని వదలరా ఇక?" అన్నాడు జిలానీ.

"సరిపోయాయి."

"అయితే లినక్స్ పూర్తిగా ఎక్కిద్దామా సార్?" అంది దీపిక. "పాతదంతా తుడిచి, దాని చోటులో ఇది కూర్చుంటది. ఇక వెనక్కి రాదు."

ఫార్మాట్ అన్న మాట విని సంచి చంకన పెట్టుకుని పరుగెత్తిన మనిషి ఇప్పుడు అదే పనికి తలూపాలి. మాస్టారు హార్డ్‌డిస్కు వంక చూశారు. దాన్ని జిలానీ అప్పటికే తీసి, గుడ్డలో చుట్టి, బీరువా పక్కన పెట్టాడు. "కానీ" అన్నారు.

భాషల జాబితాలో తెలుగు ఉంది. మాస్టారు పట్టుబట్టి తెలుగే ఎంచుకున్నారు. ఆ తెలుగు చదివి ఆయనకు రెండు నిమిషాల్లోనే తలనొప్పి వచ్చింది. "ఈ వాక్యానికి కర్త ఎవరు?" అన్నారొకచోట. "ఇది ఎవరు అనువాదం చేశారు?"

"ఎవరో ఊరికే చేసిపెట్టి ఉంటారు సార్, జీతం లేకుండా."

"అయితే ఏమీ అననులే" అన్నారు మాస్టారు.

డిస్కు తుడవాలా అని అడిగింది. దీపిక మౌసును ఆయనవైపు జరిపింది. ఆయనే నొక్కారు. ఆ తర్వాత ఇంకో తెర వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'మీరెవరు?' అని ఉంది. కింద పేరుకు ఖాళీ గడి.

మాస్టారు ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నారు.

"పేరు కూడా మర్చిపోయారా బావా?" అన్నాడు జిలానీ. సుశీలను అక్కా అని పిలిచే మనిషి కనుక మాస్టారు అతనికి బావే అవుతారు. కానీ అలా పిలవడం అదే మొదలు.

మాస్టారు తన పేరే రాశారు. సంకేతపదం రెండుసార్లు అడిగితే రెండుసార్లు రాసి, నోటుబుక్కులో పద్దెనిమిదో అంకె వేసి అక్కడా రాసుకున్నారు. సంకేతపదం అట్టా రాసిపెట్టుకోకూడదని దీపిక అంది. ఆయన వినలేదు. పద్దెనిమిది పక్కన అడ్డగీత వేయలేదు.

అది తనంతట తాను ఎక్కుతుంటే, జిలానీ తన లాప్‌టాప్‌ తెరిచి హార్డ్‌డిస్కు గుచ్చాడు. "సుశీలక్క సాఫ్ట్‌వేరు ఇప్పుడు దీన్లో కూడా పెట్టేయొచ్చా అమ్మా?" అని దీపికను అడిగాడు.

"అది విండోస్‌కు చేసింది అన్నా. లినక్స్‌లో నడవదు."

"నడవదా!" జిలానీ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "పది రోజులు ఎఫ్ పన్నెండు నొక్కి నొక్కి, ఇంత చేసి, ఆ ఒక్కటీ నడవదంటావేందమ్మా? ఇదేం పెళ్ళి, పిల్ల తప్ప అందరూ వచ్చినట్టు!"

"ఫైళ్ళు వచ్చాయి కదన్నా."

"వచ్చినయ్ లే" అన్నాడు జిలానీ. మొదటిది తెరిచాడు.

త్రిశూలం కిందినుంచి పైకి ఒక్కొక్క చుక్కగా వెలుగుతూ లేచింది. డమరుకం నడుము దగ్గర సన్నబడి, అటు ఒకసారి ఇటు ఒకసారి ఊగింది. నంది మెడ తిప్పలేదు, చెవి మాత్రం ఒకసారి విదిలించింది, ఈగ వాలితే విదిలించినట్టు. జిలానీ పెద్దగా నవ్వి, "చూశారా, చూశారా చెవిని! ఎవడి గుర్రాలు పనికొస్తయ్ దీని ముందు!" అన్నాడు. మారేడు మూడు ఆకులుగా విచ్చుకుని మెల్లగా మధ్యకు ముడుచుకుంది. మాస్టారు ఆ నాలుగిటినీ మొదటిసారి చూస్తున్నారు. పూర్తయ్యాక చూద్దురుగాని అన్న మాట ప్రకారం ఇప్పుడే చూడాలి. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశారు.

అయిదోది తెరిస్తే చుక్కలు వచ్చాయి. జిలానీ ఆడించే మీట నొక్కాడు. చుక్కలు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు.

"గీతలు లేవు" అన్నారు మాస్టారు.

మధ్య వరసలో ఇరవై ఒక్క చుక్క. పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ, సందు చుక్క పదకొండు వచ్చేదాకా. మొత్తం మూడువందల ముప్పై ఒకటి. ఆ లెక్క కట్టడానికి ఆయనకు ఒక్క క్షణం చాలు. కట్టి ఏం లాభమో తెలియలేదు.

"ఏ ముగ్గు అయ్యుంటది?" అన్నాడు జిలానీ.

"ఈ చుక్కలకు చాలా వస్తాయి అన్నా" అంది దీపిక. "తామరపూలు వస్తయి, మెలికలు వస్తయి, రథం కూడా వస్తది. చుక్కల్ని బట్టి చెప్పలేం. మా పక్కింటామె ఇవే చుక్కలకు ఒక్కో పండక్కి ఒక్కోటి వేసిద్ది." మాస్టారివైపు తిరిగి, "మేడమ్ వాకిట్లో ఎక్కువగా ఏది వేసేవారు సార్?" అంది.

మాస్టారు చెప్పడానికి నోరు తెరిచారు. ఇరవయ్యేడేళ్ళు ప్రతి ఉదయం ఆ వాకిట్లోంచే బండి బయటికి తీశారు. ముగ్గు చెరిగిపోకుండా పక్కగా తిప్పుకుని వెళ్ళేవారు. అది బాగా గుర్తుంది, బండి ఎటు తిప్పేవారో. ఏ ముగ్గు చుట్టూ తిప్పేవారో గుర్తు లేదు.

"చూడలేదమ్మా" అన్నారు. ఆ రోజుకు ఆ మాట అది రెండోసారి.

"నాలుగు చాలు మాస్టారూ" అన్నాడు జిలానీ కార్డు తీసి గుచ్చుతూ. "నాలుగిట్నే తిప్పి తిప్పి ఏస్తా. ఎవరికి తెలిసిద్ది?"

"అయిదు అని చెప్పింది."

"చెప్పింది గానీ... మీరు గీస్తారా?"

"ఏదో తెలిస్తే గీస్తాను."

"తెలియకపోతే?"

మాస్టారు తెర మీద చుక్కలను వేలితో మళ్ళీ లెక్కపెట్టసాగారు. జిలానీ కొంచెంసేపు చూసి, అయిదో దానికి కూడా కార్డులో చోటు వదిలిపెట్టాడు. "శివరాత్రి ముందురోజు దాకా ఉంచుతా. అంతకంటే ఆగితే కమిటీవాళ్ళు నన్ను ప్రభకు కట్టేస్తారు" అన్నాడు. తన లాప్‌టాప్ అక్కడే వదిలి, బండెక్కి, దీపికను బస్టాండు దగ్గర దింపుతానని తీసుకువెళ్ళాడు.

బల్ల మీద సుశీల లాప్‌టాప్ పని పూర్తయిందని తెలుగులో చెప్పి, ఒకసారి ఆరి, వెలిగి, శ్రీమన్నారాయణ అన్న పేరు కింద సంకేతపదం అడుగుతోంది. పక్కన జిలానీ లాప్‌టాప్‌లో చుక్కలు.

మాస్టారు గ్రాఫ్ కాగితం తీసి చుక్కలు దించుకున్నారు. సోమవారం ఉదయం బండి తీయకుండా బడికి నడిచి వెళ్ళారు. దారిలో పద్దెనిమిది ఇళ్ళ ముందు ముగ్గులున్నాయి. ప్రతి ముగ్గు దగ్గరా ఆగారు. ఏడు చుక్కలవి, తొమ్మిది చుక్కలవి, చుక్కలే లేనివి. ఒకామె చీపురు పట్టుకుని, "ఏంది మాస్టారూ, ఏమన్నా పడిపోయిందా?" అని అడిగింది. లేదని చెప్పి ముందుకు నడిచారు. ఇరవై ఒక్క చుక్కది ఎక్కడా లేదు. తమ వాకిట్లో ఆశ్వయుజంనుంచి ఏ ముగ్గూ లేదు.

గీసి చూసి పక్కన పెట్టిన గ్రాఫ్ కాగితాలు బుధవారానికి ఆరు అయ్యాయి. శివరాత్రికి పదకొండు రోజులుంది. నాలుగు ముగ్గులు కార్డులోకి ఎక్కాయి. అయిదోదానికి తెర మీద గీతలు ఇంకా కలపలేదు.